పుస్తకాల పెట్టె నుంచి పుస్తకాల బండి దాకా: మేరీ టిట్‌కమ్ పనితనం

పల్లెల్లో గ్రంథాలయం నడపాలనుకున్నవాళ్లు మొదట చేసే పని దాదాపు అన్నిచోట్లా ఒకటే. చెక్కపెట్టెలో నాలుగైదు పదుల పుస్తకాలు సర్ది, ఊరంతా వచ్చిపోయే కిరాణా కొట్టులో పెట్టి, కొట్టు యజమానిని కాస్త చూసుకోమని అడుగుతారు. అద్దె లేదు, జీతం లేదు. మొదటి ఒకటి రెండు నెలలూ పుస్తకాలు చురుగ్గా చేతులు మారతాయి. ఆ తర్వాత పెట్టె మూత తీసేవాళ్లు తగ్గిపోతారు. అక్కడితో ఆగిపోయి, పల్లెవాళ్లకు చదువు మీద ఆసక్తి లేదని తేల్చేసుకోవడం చాలా తేలిక. మేరీ లెమిస్ట్ టిట్‌కమ్ అలా తేల్చుకోలేదు. లోపం పెట్టెలో ఉందా, పెట్టిన చోటులో ఉందా, కొట్టుకీ పాఠకుడి ఇంటికీ మధ్య దూరంలో ఉందా అని చూశారు. 1905 ఏప్రిల్‌లో మేరీలాండ్ రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్ నుంచి బయలుదేరిన గుర్రపు బండి ఆ ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు. అమెరికాలో గ్రంథాలయం నడిపిన మొదటి సంచార పుస్తకాల బండిగా పేరుపొందింది అదే.

ఆమె పేరు ఎక్కడ వచ్చినా ఆ బండి ఫొటో వస్తుంది. ఫొటో బాగుంటుంది, కాదనను. కానీ ఆమె పనితనం తెలియాలంటే బండికి ముందు నాలుగేళ్లు ఏం చేశారో, బండిని ఎలా కట్టించారో, అది ముక్కలైపోయాక ఏం చేశారో చూడాలి.

1852లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్‌లో పుట్టారు. ఎక్సిటర్‌లోని రాబిన్సన్ ఫిమేల్ సెమినరీలో చదువుకున్నారు. ఆ కాలంలో చదువుకున్న పెళ్లికాని ఆడవాళ్ల ముందు ఉన్న దారులు రెండే: పంతులమ్మ పని, లేదంటే నర్సు పని. రెండూ ఆమెకు పట్టలేదు. అన్నదమ్ముల్లో ఒకరు మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో డాక్టరు. అక్కడికి వెళ్లి, ఊరి పబ్లిక్ లైబ్రరీలో జీతం లేకుండా పని నేర్చుకునేందుకు చేరారు. పుస్తకాల దశాంశ వర్గీకరణ పద్ధతిని తయారుచేసిన మెల్విల్ డ్యూయీ కొలంబియా కాలేజీలో గ్రంథాలయ పాఠశాల తెరిచింది 1887లో. అంతకుముందు ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లందరికీ బడి అంటే పనిచేసే లైబ్రరీయే. పుస్తకానికి వరుస సంఖ్య వేయడం, కేటలాగు కార్డు చేత్తో రాయడం, చిరిగిన అట్ట కుట్టడం, అప్పిచ్చిన పుస్తకం ఎవరి దగ్గరుందో రాత్రికి లెక్క తేల్చడం, అన్నీ పక్కన నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే.

తర్వాత వెర్మాంట్ రాష్ట్రంలోని రట్లండ్ ఊరి ఉచిత గ్రంథాలయంలో సుమారు 12 ఏళ్లు. ఈ కాలాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తుంటారు గానీ, ఆమెకు పల్లె లెక్క తెలిసింది ఇక్కడే అని నా నమ్మకం. వెర్మాంట్ 1894లో ఒక చట్టం చేసింది: ఏ ఊరైనా ఉచిత గ్రంథాలయం పెట్టుకుంటే రాష్ట్రం 100 డాలర్ల విలువైన పుస్తకాలిస్తుంది. ఆ పని చూసేందుకు ఏర్పడిన రాష్ట్ర లైబ్రరీ కమిషన్‌కు టిట్‌కమ్ మొదటి కార్యదర్శి. కొండల మధ్య విసిరేసినట్టుండే ఊళ్లకు పుస్తకాలు ఇవ్వడం ఒక ఎత్తు, ఇచ్చిన పుస్తకాలు చదివేవాళ్ల చేతికి చేరడం మరో ఎత్తు అని ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు తెలియకుండా పోదు.

1901లో ఆమెను హేగర్స్‌టౌన్‌కు పిలిచారు. వాషింగ్టన్ కౌంటీ ఫ్రీ లైబ్రరీ ఆ ఏడాది ఆగస్టులో తలుపులు తెరిచింది. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి, పరిమాణంలో మాత్రం మన పెద్ద రెవెన్యూ మండలాలు రెండు మూడు కలిపినంత. సుమారు 500 చదరపు మైళ్లు. 1900 జనాభా లెక్కల్లో కౌంటీ మొత్తం 45 వేల పైచిలుకు, అందులో హేగర్స్‌టౌన్ పట్టణం 13 వేల పైచిలుకు. అంటే పదిమందిలో ఏడుగురు పట్టణం బయటే. తూర్పున సౌత్ మౌంటెన్, దక్షిణాన పొటోమాక్ నది, మధ్యలో సున్నపురాతి నేల మీద గోధుమ పొలాలు. అమెరికా అంతర్యుద్ధంలో అతి ఘోరమైన పోరాటాల్లో ఒకటైన యాంటీటమ్ రణభూమి ఈ కౌంటీలోని షార్ప్స్‌బర్గ్ పక్కనే. ఊళ్లను కలిపే పెద్ద రోడ్ల మీద అప్పటికి ఇంకా ఆశీలు గేట్లున్నాయి.

గ్రంథాలయ నియమావళిలో ఒక మాట ఉంది, మిగతా కథంతా ఆ మాట మీదే నడిచింది. ఈ లైబ్రరీ పట్టణానిది కాదు, కౌంటీ ప్రజలందరిదీ. అప్పటికి అమెరికాలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఒహాయోలో సిన్సినాటి లైబ్రరీ 1898లో తన చుట్టూ ఉన్న హామిల్టన్ కౌంటీకి తలుపులు తెరిచింది. అదే రాష్ట్రంలో వాన్ వెర్ట్‌లోని బ్రంబాక్ లైబ్రరీ 1901లో మొదలైంది. ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుపుకునే మనకు ఈ ఆలోచన మామూలుగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో అమెరికాలో లైబ్రరీ అంటే ఊరి సొత్తు. ఊరి బయటి రైతు వచ్చి పుస్తకం అడిగితే విడిగా చందా కట్టమనేవాళ్లు.

పుస్తకాల పెట్టెలు ఆమె కనిపెట్టినవి కావు. డ్యూయీ 1893లో న్యూయార్క్ రాష్ట్రంలో 100 పుస్తకాల పెట్టెలు ఊళ్లకు పంపడం మొదలుపెట్టాడు. టిట్‌కమ్ ఆ పద్ధతిని ఒక కౌంటీ కొలతకు కుదించారు. కిరాణా కొట్లు, పోస్టాఫీసులు, ఆశీలు గేటు దగ్గర గేటు కాపలాదారు ఇల్లు, పాల నుంచి మీగడ తీసే కేంద్రాలు, ఎక్కడ మనిషి రోజూ ఆగుతాడో అక్కడ ఒక పెట్టె. నాలుగేళ్లు తిరక్కుండా ఇలాంటి నిలయాలు 66 అయ్యాయి.

పెట్టె నడిచే తీరు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లోపాలు ఇందులోనే ఉన్నాయి. కేంద్ర లైబ్రరీలో ఒక్కో పెట్టెకు పుస్తకాలు ఏరి, జాబితా రెండు ప్రతులు రాస్తారు. ఒకటి పెట్టెలో, ఒకటి ఆఫీసులో. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల ఒక కాగితపు జేబు అంటించి, అందులో ఆ పుస్తకం పేరున్న కార్డు పెడతారు. 1900 ప్రాంతాల్లో న్యూవార్క్ పబ్లిక్ లైబ్రరీ నుంచి అంతటా పాకిన పద్ధతి ఇదే. మన లైబ్రరీల్లో మొన్నమొన్నటి దాకా వాడిందీ దీని చుట్టమే. పాఠకుడు పుస్తకం తీసుకుంటే కొట్టు ఆయన కార్డు బయటికి తీసి, పేరూ తేదీ రాసి, ఒక డబ్బాలో వేస్తాడు. పుస్తకం తిరిగొస్తే కార్డు మళ్లీ జేబులోకి. గడువయ్యాక పెట్టె పట్టణానికి వస్తుంది, కొత్త పుస్తకాలతో ఇంకోటి వెళ్తుంది. వెనక్కొచ్చిన కార్డుల మీద ఎన్ని పేర్లున్నాయో లెక్కపెడితే ఆ ఊరి చదువు ఎంతో తెలిసిపోతుంది.

తెలిసేది ఇంకా ఉంది. కార్డుల మీద పదేపదే అవే పేర్లు కనిపిస్తే, ఆ పెట్టెను కొట్టు చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లే వాడుకుంటున్నారన్నమాట. నవలల కార్డులు నిండిపోయి మిగతావి తెల్లగా ఉంటే, మంచివి మొదటి పది రోజుల్లోనే అయిపోయాయి, మిగిలిన గడువంతా పెట్టె మూలన పడి ఉంది. కార్డుకూ పుస్తకానికీ పొంతన కుదరకపోతే, సంత రోజున రద్దీలో కొట్టు ఆయన రాయడం మానేశాడు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు, ఎందుకంటే అది అతని పని కాదు, జీతమూ లేదు. ఊళ్లో అతనికి పడనివాళ్లు ఆ గడప తొక్కరు, వాళ్లకు పుస్తకమూ లేదు. వీటన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి. కొట్టుకు వచ్చేది ఇంటి మగవాడు. సామాను వేసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరాలన్న తొందరలో ఉంటాడు. చదవాలని ఉన్న భార్య, పిల్లలు మూడు మైళ్ల అవతల పొలంలో ఉన్న ఇంట్లో ఉంటారు. వాళ్లకు ఏది కావాలో అతనికి తెలియదు, పెట్టెలో ఏముందో వాళ్లకు తెలియదు.

దీనికి తోడు అప్పుడే తపాలా కూడా మారుతోంది. పొలాల్లో ఉన్న ఇళ్లకు ఉత్తరాలు నేరుగా ఇచ్చే ఏర్పాటు 1896లో వెస్ట్ వర్జీనియాలో మొదలైంది. అది మొదలైన జెఫర్సన్ కౌంటీ సరిగ్గా వాషింగ్టన్ కౌంటీ నుంచి నది దాటితే వచ్చేదే. 1899 చివరలో మేరీలాండ్‌లోని క్యారల్ కౌంటీ మొత్తానికి ఈ ఏర్పాటు చేశారు. ఉత్తరాలు ఇంటి గేటుకే వస్తుంటే రైతు పోస్టాఫీసుకు రావడం తగ్గుతుంది. అక్కడ పెట్టిన పుస్తకాల పెట్టె ముఖం చూసేవాళ్లూ తగ్గుతారు. పోనీ పుస్తకాలనూ తపాలాలో పంపుదామా అంటే ఖర్చు తడిసి మోపెడు. పార్సెల్ పోస్టు 1913లో గానీ రాలేదు, అందులో పుస్తకాలను చేర్చింది 1914లో. కాబట్టి 1904లో కూర్చుని ఆలోచిస్తున్న లైబ్రేరియన్‌కు మిగిలిన దారి ఒక్కటే: ఉత్తరాల మనిషి వెళ్లినట్టే పుస్తకాల బండి కూడా గేటు దాకా వెళ్లాలి.

బండిని చూసి టిట్‌కమ్ రాసిన పోలిక నాకు చాలా ఇష్టం. కిరాణా సరుకులు ఇళ్లకు చేర్చే బండికీ, ఒకప్పుడు న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) పల్లెల్లో తిరిగే రేకు సామాన్ల వర్తకుడి బండికీ మధ్య రకంలా ఉందన్నారు. ఆ పోలికలోనే నిర్మాణమంతా ఉంది. బయటి వైపు, రెండు పక్కలా తలుపులున్న అరలు. ఆ అరల్లో 200 పుస్తకాలు పడతాయి. బండి నడిమిభాగం ఖాళీ, అక్కడ నిలయాలకు వెళ్లే పెట్టెలు పేర్చుకోవాలి. అంటే ఒక్క ప్రయాణంలో రెండు పనులు. దారిలో ఇళ్లకు విడిగా పుస్తకాలు, ఊళ్లో కొట్టుకు నిండు పెట్టె. పాత పద్ధతిని ఆమె తీసిపారేయలేదు, బండిని దానికి జతచేశారు. బండి వచ్చాక పెట్టెలు మానేశారని అక్కడక్కడ కనిపించే రాతలు పొరపాటు.

అరలు లోపల కాకుండా బయట ఎందుకు? లోపల పెడితే పాఠకుడు బండెక్కాలి. చేతిలో పిండి, ఒళ్లో బిడ్డ ఉన్న ఇల్లాలు బండెక్కదు. బయట ఉంటే తలుపు తెరవగానే పుస్తకాల వీపులు వరుసగా కళ్లబడతాయి, నేల మీద నిలబడే చేయి చాపి తీసుకోవచ్చు. రేకు సామాన్ల వర్తకుడు గిన్నెలు బయట వేలాడదీసేదీ ఇందుకే. దీనికి చెల్లించాల్సిన మూల్యమూ ఉంది. సున్నపురాయి రోడ్డు దుమ్ము సన్నగా, తెల్లగా లేస్తుంది. తలుపు బిగువుగా లేకపోతే సాయంత్రానికి పుస్తకాల పై అంచులన్నీ పిండి చల్లినట్టవుతాయి. వానలో తలుపు తెరవలేరు. గతుకుల్లో అర సగం ఖాళీగా ఉంటే పుస్తకాలు ఒరిగి, అట్ట కుట్టు దగ్గర వదులవుతుంది. అందుకే ఏ సంచార గ్రంథాలయంలోనైనా అరను ఖాళీగా వదలరు. పుస్తకాలు తగ్గేకొద్దీ తిరిగొచ్చినవి అక్కడే సర్దుకుంటూ పోతారు, లేదంటే చెక్కముక్క అడ్డం పెడతారు.

బరువు లెక్క కూడా చూడండి. పుస్తకం సగటున అరకిలో అనుకుంటే అరల్లో ఉన్నవే క్వింటాలు. నడిమధ్య పెట్టెలు కలిస్తే అంతకు రెండింతలు దాటుతుంది. ఒక గుర్రం సరిపోదు, రెండు కట్టారు. రెండు వైపుల అరలూ సమానంగా నింపకపోతే వాలు రోడ్డు మీద బండి ఒక పక్కకు లాగుతుంది.

బండి తోలిందీ, పుస్తకాలు ఇచ్చిందీ ఒకే మనిషి, లైబ్రరీ కాపలా, శుభ్రం పనులు చూసే జాషువా థామస్. బండి నడపగలగడం, గుర్రాలను చూసుకోగలగడం ఎంత అవసరమో, ఏ గేటు వెనక ఎవరుంటారో తెలియడం అంతే అవసరం. కౌంటీ దారులు ఆయనకు కొట్టిన పిండి. శిక్షణ పొందిన లైబ్రేరియన్‌ను పంపాలని పట్టుబట్టకుండా, ఊళ్లవాళ్లు మాట కలిపే మనిషిని ఎంచుకోవడం టిట్‌కమ్ తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. ఆయనకు చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఒకటే. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పరిగెత్తొద్దు, ఎంచుకోవడానికి ప్రతి కుటుంబానికీ కావలసినంత సమయం ఇవ్వు.

ఈ సమయం మాట వినడానికి మర్యాదలా ఉంటుంది గానీ బండి కార్యక్రమమంతా దీని చుట్టూ అల్లాల్సిందే. కౌంటీని 16 దారులుగా విడగొట్టారు, ఒక్కో దారి సుమారు 30 మైళ్లు. బరువు బండి లాగే గుర్రాలు గంటకు నాలుగైదు మైళ్లు నడుస్తాయి. 30 మైళ్లంటే ఆగకుండా నడిచినా ఆరేడు గంటలు. 20 ఇళ్ల దగ్గర పది నిమిషాల చొప్పున ఆగితే ఇంకో మూడు గంటలు పైన. గుర్రాలకు నీళ్లు, మేత, విశ్రాంతి కలిపితే పొద్దు పొడిచినప్పటి నుంచి చీకటి పడేదాకా. ఇంకో ఐదు ఇళ్లు ఎక్కువ చేద్దామని ఆశపడితే దారి పూర్తికాదు. ఆగే సమయం తగ్గించుకుందామంటే బండి వచ్చి వెళ్లిందన్న పేరే మిగులుతుంది, పుస్తకం దిగదు.

ఇప్పుడు మొదటి ఆరు నెలల అంకెలు. 31 ప్రయాణాలు, సగటున 30 మైళ్లు, పంచిన పుస్తకాలు 1,008. ప్రయాణానికి 32 నుంచి 33 పుస్తకాలు. మైలుకు ఒకటి. పట్టణంలో ఒక మేజా దగ్గర ఒక్క పూటలో ఇచ్చే పుస్తకాలు అంతకంటే ఎక్కువే ఉంటాయి, కాబట్టి ఖర్చు లెక్క చూసేవాళ్లకు ఇది చిన్న అంకె. కానీ ఈ అంకెను పట్టణం లెక్కతో పోల్చడం తప్పు కొలత. పోల్చాల్సింది అదే ఇళ్లు బండికి ముందు తీసుకున్న పుస్తకాలతో. ఆ ఇళ్లలో చాలావాటికి నిలయాల పెట్టె ఎప్పుడూ చేరనే లేదు.

ఇంకో సంగతి. 16 దారులు, ఆరు నెలల్లో 31 ప్రయాణాలు అంటే ఒక్కో గేటుకు బండి వచ్చేది రెండే సార్లు. పట్టణంలో పెట్టే పధ్నాలుగు రోజుల గడువు ఇక్కడ అర్థం లేనిది. మళ్లీ బండి వచ్చేదాకా పుస్తకం ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి ఇంటికి ఒక పుస్తకం అన్న నియమం పెడితే మూడు నెలలకు ఒక పుస్తకం ఇచ్చినట్టు. పల్లె బండి నడిపేవాళ్లు ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి, పెద్దవాళ్లకు, పిల్లలకు విడివిడిగా ఇవ్వాలి. ఈ ఇంటి పుస్తకం పక్కింటికి వెళ్తుందని ముందే ఒప్పుకోవాలి. లైబ్రరీ లెక్కలో ఒక్కసారి ఇచ్చిన పుస్తకం ఊళ్లో ముగ్గురు చదివి ఉంటారు. 1,008 అన్న అంకెకు ఆ చదువులు అందవు.

రంగు సంగతి చాలామందికి తెలిసినదే అయినా చెప్పకుండా ఉండలేను. గ్రంథాలయం అంటే గంభీరంగా ఉండాలని బండికి నల్ల రంగు వేయించారు. ఒక ఇంటి ముందు ఆపబోతుంటే రైతు అడ్డంపడి, ఇక్కడ ఆపకండి, మా ఇంట్లో శవాల బండి అవసరం లేదన్నాడు. పల్లెల్లో నల్ల బండి వచ్చేది ఆ ఒక్క పనికే మరి. వెంటనే చక్రాలకు ఎర్ర రంగు వేయించారు, తలుపుల పలకలు కూడా అదే రంగుతో దిద్దించారు. దూరం నుంచి రోడ్డు మీద బండి కనపడగానే అదేమిటో తెలియాలి, అప్పుడే ఇల్లాలు చేతిలో పని ముగించుకుని, తిరిగివ్వాల్సిన పుస్తకం వెతికి పట్టుకుని గేటు దగ్గరికి వస్తుంది. రంగుతో ఆ పది నిమిషాలు కలిసొస్తాయి. 

ఆమె వాదన అంతా ఒక వాక్యంలో పెట్టారు: పుస్తకం మనిషి దగ్గరికి వెళ్తుంది, మనిషి పుస్తకం దగ్గరికి వచ్చేదాకా కాచుకుని కూర్చోదు. గేటు దగ్గర తలుపులు తెరిచిన పుస్తకాల అరను చూసి ఆగలేకపోవడం, మూట విప్పిన వర్తకుడిని చూసి ఆగలేకపోవడం లాంటిదేనని కూడా రాశారు. మనుషులకు వస్తువు కళ్ల ముందు ఉండాలన్న కిటుకు ఆమెకు బాగా తెలుసు. కావలసిన పుస్తకం పేరు చెప్పి అడగగలిగేవాళ్లు పల్లెలోనే కాదు, ఎక్కడైనా కొద్దిమందే. చూస్తే ఎంచుకోగలిగేవాళ్లు చాలామంది.

1910 ఆగస్టులో సెయింట్ జేమ్స్ దగ్గర నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే లైను దాటుతుండగా గూడ్సు రైలు బండిని గుద్దింది. బండి తునాతునకలైంది. ఐదేళ్లు నడిచిన సేవ ఒక్క గేటు దగ్గర ఆగిపోయింది. బండి ఒక్కటే ఉండడం, బదులు ఇంకోటి లేకపోవడం ఈ పద్ధతిలోని అసలు బలహీనత. పెట్టె ఒకటి పోతే ఒక ఊరికే నష్టం, బండి పోతే 16 దారులకూ నష్టం. పెట్టెలను మానేయకపోవడం ఎంత మంచిదైందో అప్పుడు తేలింది. ఇళ్ల గేట్ల దగ్గర సేవ మాత్రం 1912 దాకా లేదు.

ఆ ఏడాది విలియం కీల్‌హోఫర్ ఇచ్చిన విరాళంతో మోటారు బండి కొన్నారు, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తయారుచేసిన ఆటోవాగన్. రైతుల యంత్రాలు చేసే కంపెనీ అది. చక్రాలు ఎత్తుగా, సన్నగా ఉంటాయి. అప్పటి మామూలు కార్లు బురదలో పొట్ట ఆనించి కూర్చునేచోట, ఎత్తు చక్రాల బండి గాడిలో దారి పట్టుకుని పోతుంది. మట్టి రోడ్డు మీద తిరగాల్సిన లైబ్రరీకి ఇది తెలివైన ఎంపిక. 300 దాకా పుస్తకాలు పట్టేవి. ఒక రోజులో తిరిగే దూరం పెరిగింది, కాబట్టి ఒక్కో గేటుకు వచ్చే వరసలు పెరిగాయి. మరో మార్పు ఇంకా ముఖ్యమైనది. తోలే మనిషి ఇంజను చూసుకుంటుంటే, పుస్తకాలు ఇవ్వడానికి నెల్లీ క్రిసింజర్ అనే లైబ్రేరియన్ వెంట వెళ్లడం మొదలైంది. గేటు దగ్గర సలహా చెప్పేందుకు చదువున్న మనిషి దొరికారు. గుర్రాలతో ఒక సౌకర్యం మాత్రం పోయింది. శీతాకాలపు బురదలో, మంచులో గుర్రం ఎలాగోలా లాగేది, మోటారు నిలిచిపోయేది.

ఇదంతా చూసేందుకు బయటి లైబ్రేరియన్లు హేగర్స్‌టౌన్‌కు రావడం మొదలుపెట్టారు. ఆమె 1914లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ రెండవ ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. తన దగ్గరే శిక్షణ తరగతి నడిపి, కౌంటీ పనికి కావలసినవాళ్లను తయారుచేశారు. 1923లో ఆ లైబ్రరీ చరిత్ర రాసి వదిలారు, బండి గురించి మనకు తెలిసిన వివరాలు చాలావరకు ఆ రాతలోవే. కౌంటీ గ్రంథాలయ పద్ధతికి చట్టం రూపంలో గట్టి పునాది వేసింది మాత్రం కాలిఫోర్నియా, అక్కడి రాష్ట్ర లైబ్రేరియన్ జేమ్స్ గిలిస్ పూనికతో. అక్కడి పద్ధతి విస్తరించింది పన్ను బలంతో, హేగర్స్‌టౌన్‌లో మోటారు బండికి దాత విరాళం కావాల్సి వచ్చింది. ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో చెప్పనక్కర్లేదు.

1932 జూన్‌లో హేగర్స్‌టౌన్‌లోనే కన్నుమూశారు. జీతం లేకుండా పని నేర్చుకున్న కాంకర్డ్‌లోనే, స్లీపీ హాలో శ్మశానంలో ఖననం చేశారు.

ప్రపంచంలోనే మొదటి పుస్తకాల బండి ఆమెదేనని కొందరు రాస్తారు. అది సరికాదు. ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ (పనివాళ్ల చదువు కోసం నడిచిన సంస్థ) 1850ల చివర్లోనే గుర్రపు బండి మీద పుస్తకాలు తిప్పింది. అది పట్టణ వీధుల్లో తిరిగిన బండి, టిట్‌కమ్‌ది పొలాల మధ్య తిరిగిన బండి. చేసిన పని వేరు కాబట్టి ఆమె గొప్పతనానికి లోటేమీ లేదు.

మన వైపు ఇదే చిక్కును విప్పుకున్న తీరులు కూడా చూడదగ్గవి. బండి రైలు కింద పడిన ఆ 1910లోనే, న్యూ హేవెన్‌కు చెందిన విలియం బోర్డెన్ అనే అమెరికన్ లైబ్రేరియన్‌ను బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ పిలిపించుకున్నారు. 1913 దాకా ఆయన అక్కడ ఉన్నారు. బరోడా సంస్థానంలో ఊళ్లకు పుస్తకాల పెట్టెలు తిరిగాయి. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది, అయ్యంకి వెంకటరమణయ్య గారి చేతుల మీదుగా ఉద్యమం ఊపందుకుంది. 1931 అక్టోబరులో తమిళనాడు మన్నార్‌గుడిలో ఎడ్లబండి గ్రంథాలయం బయలుదేరింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల మీద పుస్తకాల పడవ నడిపారు.

పడవను హేగర్స్‌టౌన్ బండితో పోల్చి చూస్తే డెల్టా నేల ఎంత వేరో తెలుస్తుంది. పడవకు బరువు ఇబ్బంది లేదు, గుర్రాల మేత ఖర్చు లేదు, గతుకుల్లో అట్టలు వదులవడమూ లేదు. ఊళ్లు కాలువగట్టు వెంటే ఉంటాయి కాబట్టి లంగరు వేసిన రేవు దగ్గరికి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు, ఇంటింటి గేటుకు తిరగాల్సిన పనిలేదు. తడికి పుస్తకం ఉబ్బుతుంది, దాన్ని ఆరబెట్టుకోవాలి. కాలువలు కట్టేసే వేసవి నెలల్లో మాత్రం పడవ కదలదు. ఆ రెండు మూడు నెలలూ ఊరికి మిగిలేది దించిపెట్టిన పుస్తకాల పెట్టే.